కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి: కృతజ్ఞతకీ రోజువారీ సంతోషానికీ ఉన్న లంకె

మొన్న ఏప్రిల్లో మా అపార్ట్‌మెంట్‌లో సంపులోంచి ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయింది. లిఫ్టు లేని పాత బిల్డింగు, మాది మూడో అంతస్తు. నాలుగు రోజులు బకెట్లు మోశాం. అంట్లు తోమిన నీళ్ళు మొక్కలకి, బియ్యం కడిగిన నీళ్ళు బాత్రూంకి. ఐదో రోజు రాత్రి పదింటికి మెకానిక్ వచ్చి, వైండింగ్ చేయించుకొచ్చిన మోటారు బిగించాడు. అరగంటకి వంటింట్లో కుళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్ళు చిమ్మాయి, ఆ తర్వాత తెల్లటి ధార కట్టింది. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అమ్మాయి, ముగ్గురం సింకు ముందు నిలబడి ఆ ధారనే చూస్తూ ఉండిపోయాం. అమ్మాయి చెయ్యి కింద పెట్టి నవ్వింది. ఆ రాత్రి పడుకోబోతూ, ఇంత హాయిగా ఉన్న రోజు ఈ మధ్య రాలేదు కదా అనుకున్నాను.

వారం తిరక్కుండానే కుళాయి వదిలేసి, పళ్ళు తోముకుంటూ, ఫోన్‌లో ఏదో చూసి విసుక్కుంటున్నాను. నీళ్ళు అవే, మనిషినీ నేనే. ఆ హాయి ఎక్కడికి పోయింది?

కృతజ్ఞత వల్ల సంతోషం పెరుగుతుందని వాట్సాప్‌లో పొద్దున్నే పువ్వుల బొమ్మలతో వచ్చే సందేశాలు చెబుతూనే ఉంటాయి. అవి చూసి నాకు కలిగేది చిరాకే తప్ప కృతజ్ఞత కాదు. కానీ ఆ మాట వెనకాల గట్టి పరిశోధనలు కొన్ని ఉన్నాయి, ఆ పరిశోధనలకి హద్దులూ ఉన్నాయి. పైగా మన తెలుగు ఇళ్ళల్లో కృతజ్ఞత అనే మాటకి నాలుగైదు వేరే సంగతులు పెనవేసుకుపోయి ఉన్నాయి. ఆ చిక్కు విడదీస్తే గానీ నా కుళాయి ప్రశ్నకి జవాబు దొరకదు.

మనసుకి ఒక గుణం ఉంది. మంచైనా చెడైనా కొన్నాళ్ళు అలాగే ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొత్త ఫ్యాను మొదటి రాత్రి చప్పుడు చేస్తుంది, పదో రాత్రికి వినపడదు. చప్పుడు తగ్గిందని కాదు, చెవి దాన్ని పక్కన పెట్టేసింది. ఈ గుణం మీద 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి చాలా పేరు పొందింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్ర లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందినీ, ఏ లాటరీ తగలని మరో 22 మందినీ కొన్ని చిన్న ప్రశ్నలు అడిగారు. పొద్దున టిఫిన్ తినడం, స్నేహితుడితో మాట్లాడటం, టీవీ చూడటం, జోకు వినడం, ఎవరైనా మెచ్చుకోవడం: వీటిలో ఎంత సుఖం ఉంది? లాటరీ గెలిచినవాళ్ళు ఇలాంటి చిన్న సుఖాలకి తక్కువ మార్కులు వేశారు. మొత్తం మీద సంతోషంలోనూ మిగతావాళ్ళకంటే వాళ్ళు పెద్దగా పైన లేరు.

డబ్బుతో సుఖం రాదనడానికి ఈ అధ్యయనాన్ని సాక్ష్యంగా ఇప్పటికీ తిప్పుతుంటారు. అది తొందరపాటు. 22 మందితో అంత మాట అనలేం. తర్వాత స్వీడన్‌లో లాటరీ విజేతల మీద చాలా పెద్ద ఎత్తున జరిగిన అధ్యయనంలో, డబ్బు వచ్చిన ఎన్నో ఏళ్ళకి కూడా వాళ్ళకి జీవితం మీద సంతృప్తి ఎక్కువగానే ఉందని తేలింది. నెలాఖరున ఇంటద్దె కట్టాల్సినవాడికి ఈ సంగతి ఏ పరిశోధకుడూ చెప్పనక్కర్లేదు. బ్రిక్‌మన్ అధ్యయనంలో నాకు పనికొచ్చేది ఆ టిఫిన్ ప్రశ్న. పెద్ద సుఖం వచ్చి కూర్చుంటే చిన్న సుఖం కంటికి ఆనదు. అలవాటైన సుఖం, పెద్దదైనా సరే, అసలు సుఖమనే అనిపించదు.

దీనికి తోడు రెండో గుణం. చెడు మనసుకి అంటుకున్నంత గట్టిగా మంచి అంటుకోదు. రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2001లో ఇలాంటి పరిశోధనలన్నీ ఒకచోట పోగేసి చూస్తే, కుటుంబ సంబంధాల్లోనైనా, జ్ఞాపకాల్లోనైనా, ఎదుటివాళ్ళ మీద అభిప్రాయం ఏర్పరచుకోవడంలోనైనా చెడుకే బలం ఎక్కువని కనిపించింది. అంత చదువు లేకుండానే మన ఆడపెళ్ళివారికి ఇది తెలుసు. ఐదొందల మంది కడుపునిండా తిని, బాగుందని చెప్పి వెళ్తారు. పప్పులో ఉప్పెక్కువైందని మగపెళ్ళివారి తాలూకు ఒక బావగారు అంటాడు. పాతికేళ్ళ తర్వాత ఆ ఇంట్లో మిగిలేది ఆ ఉప్పే.

అడవిలో బతికిన రోజుల్లో ఈ రెండు గుణాలూ మన ప్రాణం కాపాడి ఉంటాయి. పండు రుచిని మరిచిపోతే మళ్ళీ తినొచ్చు, పాము ఉన్న పొదని మరిచిపోతే అంతే సంగతులు. ఆ లెక్కలు చూసే గుమాస్తా ఇప్పటికీ మన బుర్రలో కూర్చునే ఉన్నాడు. బాకీలన్నీ ఎర్ర సిరాతో రాస్తాడు, జమలు రాయడం మరిచిపోతాడు. కృతజ్ఞత అలవాటు చేసుకోవడమంటే, నేను అర్థం చేసుకున్నంతలో, ఆ గుమాస్తా పక్కన కూర్చుని జమలు కూడా రాయించడం.

ఇక మాట దగ్గరికి వద్దాం. ‘కృత’ అంటే చేసినది, ‘జ్ఞ’ అంటే ఎరిగినవాడు. తనకి జరిగిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. దీనికి ఎదురుమాట కృతఘ్నత: చేసినదాన్ని చంపేయడం. మాట పుట్టుకలో చేతులు జోడించడం లేదు, బదులు తీర్చడం లేదు, ఎరుక మాత్రమే ఉంది. ఈ రంగంలో ఎక్కువ పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఎమన్స్ కూడా దాదాపు ఇదే చెబుతాడు. నా బతుకులో మంచి ఉందని గుర్తించడం ఒక సగం, ఆ మంచిలో కొంతైనా నా బయటినుంచి, మరొకరి చేతిమీదుగా వచ్చిందని గుర్తించడం రెండో సగం. ఈ రెండో సగం లేకపోతే అది ఉత్త సంతోషమే, ఒక్కోసారి ఉత్త గర్వం.

మన దగ్గర చిక్కంతా ఈ ఎరుక చుట్టూ అల్లుకున్న తీగలతోనే.

మొదటిది థాంక్స్ చెప్పడం. అన్నం వడ్డించిన అమ్మకి, స్టేషన్‌లో దింపిన తమ్ముడికి మనం థాంక్స్ చెప్పం. చెబితే ‘ఏంటి, కొత్తగా?’ అంటారు, ఇంకాస్త చనువుంటే ‘నేనేమన్నా పరాయిదాన్నా’ అని నొచ్చుకుంటారు. ధన్యవాదాలనే మాట సభల్లో బతుకుతోంది. అక్కడా వందన సమర్పణ మొదలయ్యేసరికి సగం మంది భోజనాల దగ్గరికి పోయి ఉంటారు, మైకు వాళ్ళకీ షామియానా వాళ్ళకీ కుర్చీలే వింటుండగా ధన్యవాదాలు చెబుతారు. ఇది చూసి మనకి కృతజ్ఞత తక్కువని బాధపడేవాళ్ళున్నారు. అక్కర్లేదు. 2018లో భాషా శాస్త్రవేత్తలు ఐదు ఖండాల్లోని ఎనిమిది భాషల్లో, ఇళ్ళల్లో, పని చోట్ల మామూలుగా సాగే మాటల్ని రికార్డు చేసి పరిశీలించారు. ఒకరడిగిన చిన్న సాయం మరొకరు చేసినప్పుడు ‘థాంక్స్’ లాంటి మాట వచ్చింది ఇంచుమించు ఇరవైసార్లకి ఒకసారే. ఇంగ్లిష్, ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు కాస్త ఎక్కువగా అన్నారు. ఈక్వెడార్‌లోని చాపలా భాషలో అయితే ఆ పనికి మాటే లేదు. ఆ ఎనిమిదిలో తెలుగు లేదు గానీ ఉంటే మనం ఏ వరుసలో ఉండేవాళ్ళమో ఊహించవచ్చు. అయినవాళ్ళ మధ్య సాయం చెప్పకుండా సాగిపోవడం లోకమంతటా ఉన్నదే. నోటి మాటకీ మనసులోని ఎరుకకీ ముడిపెట్టనక్కర్లేదు. మన పెద్దవాళ్ళు థాంక్స్ అనరు, ‘చల్లగా ఉండు నాయనా’ అంటారు. ఆ మాటలో ఎరుక ఏం తక్కువైంది?

రెండోది రుణం. ఇది చాలా లోతైన తీగ. మనం మేలు పొందితే ‘మీకు రుణపడి ఉంటాను’ అంటాం. దేవ రుణం, ఋషి రుణం, పితృ రుణం, ఈ మూడింటితోనే మనిషి పుడతాడన్నది పాత నమ్మకం. పెళ్ళిలో చదివింపుల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె అని రాస్తూనే ఉంటాడు. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతకి తగ్గకుండా పెట్టాలి. నేను దీన్ని తప్పు పట్టడం లేదు, ఊళ్ళు నిలబడింది ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదే. కానీ ఈ పుస్తకం తిరగేసినప్పుడు గుండెకి తేలికగా ఉండదు. బరువుగా ఉంటుంది. అప్పు భావన మనిషిని లెక్క తేల్చెయ్యమని తొందరపెడుతుంది, వీలైతే ఎదుటపడకుండా తప్పించుకోమంటుంది. కృతజ్ఞత దగ్గరికి జరగమంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల నడక వేరు.

ఈ తేడా పరిశోధనల్లోనూ బయటపడింది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో తెల్లజాతి అమెరికన్లతోనూ భారతీయులతోనూ కృతజ్ఞత ఉత్తరాలు రాయించారు. అమెరికన్లకి మంచి భావాలు పెరిగాయి. మనవాళ్ళకీ పెరిగాయి, కానీ వాటితోపాటు దిగులు, తప్పు చేశామన్న భావం కూడా పెరిగాయి. అంతకుముందు 2013లో అమెరికా, దక్షిణ కొరియా విద్యార్థులతో చేసిన పరిశోధనలోనూ ఉత్తరాల వల్ల కొరియన్లకి ఒనగూరిన లాభం తక్కువే. చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు. అమ్మకి ఉత్తరం రాయమని నన్ను కూర్చోబెడితే మూడో వాక్యానికల్లా, ఆవిడ కోసం నేను చెయ్యనివన్నీ వరస కడతాయి. అమెరికాలో తయారైన అభ్యాసాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ నాటితే ఇలాంటి తేడాలొస్తాయి. అందుకే, ఈ పని మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్ళకి నా సలహా: అమ్మానాన్నలతో మొదలుపెట్టకండి. అక్కడ రుణం మరీ పెద్దది. బాకీ భయం లేని చిన్న మేలుతో, రోడ్డు మీద బండి ఆగిపోతే తోసిపెట్టిన కుర్రాడితో మొదలుపెట్టండి.

మూడో తీగ సర్దుబాటు. ఇది కాస్త ప్రమాదకరమైనది. ‘ఉన్నదాంట్లో తృప్తి పడు’, ‘ఉద్యోగం ఉన్నందుకు సంతోషించు’, ‘కొట్టినా తిట్టినా తిండి పెడుతున్నాడు కదమ్మా’. వీటిని కృతజ్ఞత పేరుతో చెప్పేవాళ్ళు ఎప్పుడూ పై మెట్టు మీద నిలబడే చెబుతారు, వినేవాళ్ళు కింది మెట్టు మీద. జీతం మూడు నెలలు ఆపిన యజమానికి కృతజ్ఞతతో ఉండనక్కర్లేదు. అలాగే ‘నీకంటే కింద ఉన్నవాళ్ళని చూసుకో’ అనే ఓదార్పు కూడా నాకు గిట్టదు. దాన్లో మేలు చేసినవాడు ఎవరూ లేడు, పక్కవాడి కష్టమే మనకి దిండు. సౌకర్యం ఎక్కడినుంచి వచ్చిందో చూడటం ఒకటి, అది ఎవరికి లేదో చూసి నిట్టూర్చడం ఇంకొకటి.

నాలుగోది దిష్టి. ‘ఎలా ఉన్నారు?’ అంటే మనం ‘బ్రహ్మాండంగా ఉన్నాం’ అనం. ‘ఏదో, ఇలా ఉన్నాం’ అంటాం. మంచిని పైకి లెక్కపెడితే చెడుతుందని లోపల ఎక్కడో గుబులు. మా అమ్మమ్మ దూడ పుట్టిన సంగతి కూడా వారం దాకా ఎవరికీ చెప్పేది కాదు. ఇలాంటి ఇంట్లో పెరిగినవాడు, ఈరోజు నాకు జరిగిన మంచి ఇదీ అని కాగితం మీద పెట్టాలంటే చెయ్యి కాస్త వెనకాడుతుంది. నవ్వుకోవచ్చు గానీ ఆ వెనకాడటం నిజం. పుస్తకం ఎవరికీ చూపించక్కర్లేదనేదే దీనికి మందు.

ఇంత మాత్రాన మన సంప్రదాయంలో ఎరుకకి చోటు లేదనుకోవద్దు. కనుమ చూడండి. సంక్రాంతి మర్నాడు ఎడ్లని, ఆవుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో దండలు కట్టి, ఆ రోజు వాటితో ఏ పనీ చేయించరు. ఏడాదంతా కాడి కింద కనపడని ఎద్దుని ఒక్కరోజు కాడి తీసి చూడటం. దసరాకి ఆయుధపూజ కూడా అంతే. ఏడాదంతా మెకానిక్ చేతిలో నల్లబడిన స్పానరు ఆ రోజు కడుక్కుని, బొట్టు పెట్టించుకుని పీట ఎక్కుతుంది. అలవాటు చెరిపేసినదాన్ని మళ్ళీ కంటికి తేవడానికి పండగలు కనిపెట్టిన ఉపాయం ఇది. ఇబ్బందల్లా అది ఏడాదికి ఒక్కసారే రావడం.

రోజువారీగా చేస్తే ఏమవుతుందో లెక్కగా చూడాలని ఎమన్స్, మైకేల్ మెక్‌కలో కలిసి చేసిన ప్రయోగాలు 2003లో అచ్చయ్యాయి. మొదటిదాంట్లో కాలేజీ విద్యార్థుల్ని మూడు జట్లుగా చేశారు. పది వారాల పాటు, వారానికొకసారి, ఒక జట్టు తాము కృతజ్ఞత పడే సంగతులు ఐదు దాకా రాయాలి, రెండో జట్టు చికాకు పెట్టినవి, మూడో జట్టు ఊరికే జరిగిన సంగతులు. కృతజ్ఞత జట్టుకి తమ జీవితం మొత్తం మీద సంతృప్తి ఎక్కువ, రాబోయే వారం మీద ఆశ ఎక్కువ, ఒంటి నొప్పుల ఫిర్యాదులు తక్కువ. చికాకుల జట్టుతో పోలిస్తే వారానికి దాదాపు గంటన్నర ఎక్కువ వ్యాయామం కూడా చేశారు. ఈ గంటన్నర సంగతి చాలాచోట్ల కనిపిస్తుంది, ‘చికాకుల జట్టుతో పోలిస్తే’ అన్న ముక్క మాత్రం రాలిపోతుంది. పది వారాలు చికాకులే రాసుకున్నవాడికి నడకకి వెళ్ళాలని ఎందుకనిపిస్తుంది? తేడాలో కొంత ఆ జట్టు కిందికి జారడం వల్ల కూడా వచ్చి ఉండొచ్చు.

నాకు ఎక్కువ నచ్చింది వాళ్ళ మూడో ప్రయోగం. నరాల, కండరాల జబ్బులున్న 65 మందితో 21 రోజులు చేశారు. ఒంట్లో నొప్పి ఉన్న మనుషులు, కృతజ్ఞత రాయమంటే విసిరికొట్టినా తప్పులేదు. రాసినవాళ్ళకి నిద్ర పెరిగింది, లేచేసరికి ఒళ్ళు తేలికగా ఉందని చెప్పారు. వాళ్ళ భార్యలనో భర్తలనో అడిగితే వాళ్ళూ అవునన్నారు, మనిషి కాస్త సంతోషంగా కనిపిస్తున్నాడని. మన సంతోషం గురించి మనం చెప్పుకునే మాటకంటే ఇంట్లోవాళ్ళ మాటకే నేను విలువ ఇస్తాను.

రెండేళ్ళకి, 2005లో, మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ఇంటర్నెట్ ద్వారా 577 మందితో ఇంకో ప్రయోగం చేసింది. ఒక జట్టు తమకి మేలు చేసినా సరిగ్గా చెప్పుకోలేకపోయిన ఒకరికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి అందించాలి. మరో జట్టు వారం పాటు ప్రతి రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, అవి ఎందుకు జరిగాయో కూడా రాయాలి. ఉత్తరం ఇచ్చినవాళ్ళ సంతోషం ఒక్కసారిగా బాగా పెరిగి, నెలదాకా ఉండి, తర్వాత కరిగిపోయింది. మూడు సంగతులు రాసినవాళ్ళకి పెరుగుదల నెమ్మదిగా వచ్చింది గానీ ఆరు నెలల తర్వాత కూడా ఉంది. వాళ్ళలో బాగా బాగుపడింది, వారం అయిపోయినా మానకుండా రాసుకుంటూ పోయినవాళ్ళు.

అలాగని ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిదనుకుంటే అదీ కుదరదు. సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చూసినప్పుడు, ఆరు వారాల పాటు వారానికొకసారి రాసినవాళ్ళకే సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకి పెరగలేదు. రోజూ పెట్టే నైవేద్యంలా మారిపోతే రాయడం కూడా ఫ్యాను చప్పుడే.

ఇది నాకు అనుభవమే. మోటారు సంగతి తర్వాత నేనూ ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. మొదటి రోజు రెండు పేజీలు రాశాను. తొమ్మిదో రోజు రాసింది ఇదీ: ‘కాఫీ. ఇల్లు. ఆరోగ్యం.’ పదో రోజు: ‘నిన్నటివే.’ రెండు వారాలకి పుస్తకం కూరగాయల లెక్కకి మళ్ళింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రెండు మార్పులు చేశాను. వారానికి ఒక్కసారే, ఆదివారం రాత్రి. పెద్ద మాటలు నిషిద్ధం. ‘ఆరోగ్యం’ అని రాయకూడదు, ‘మంగళవారం మెట్లెక్కుతుంటే మోకాలు నొప్పి చెయ్యలేదు’ అని రాయాలి. ‘మా ఆవిడ’ అని రాయకూడదు, ‘నేను మీటింగులో ఉండగా చెప్పకుండా వచ్చి ఫ్యాను ఒక పాయింటు పెంచి వెళ్ళింది’ అని రాయాలి. దాని కింద, ఎందుకు జరిగింది? నాకు చెమట పట్టిందని తలుపు సందులోంచి చూసింది కాబట్టి. చూశారా, ‘ఎందుకు’ అని అడిగేసరికి ఒక మనిషి ప్రత్యక్షమవుతుంది. సెలిగ్‌మన్ ప్రయోగంలో కారణం కూడా రాయమనడంలోని కీలకం అదే కావచ్చని నా ఊహ.

ఇంకో ఉపాయం ఉంది, దాన్ని తీసివేత అనొచ్చు. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో కొంతమందిని తమ జీవిత భాగస్వామిని ఎలా కలిశారో రాయమన్నారు, మరికొంతమందిని అసలు కలవకుండా పోయే అవకాశాలు ఎన్ని ఉన్నాయో రాయమన్నారు. రెండో జట్టుకే తమ బంధం మీద సంతృప్తి ఎక్కువగా కనిపించింది. పెళ్ళిచూపుల కథ వందసార్లు చెప్పుకున్నాక అందులో రుచి ఏముంటుంది? మా సంబంధం తెచ్చిన పిన్ని ఆ రోజు రాజమండ్రిలో రైలు తప్పిపోయి, చుట్టాలింట్లో ఆ రాత్రి ఉండిపోయింది. అక్కడే మా అత్తగారి చెల్లెలు కలిసింది. ఆ రైలు పది నిమిషాలు లేటుగా వచ్చి ఉంటే? ఇది రాస్తున్నప్పుడు కూడా కొంచెం కంగారుగానే ఉంది. వంటింట్లోకి తొంగిచూసి వచ్చాను.

మరి ఎదుటివాళ్ళకి చెప్పాలా వద్దా? ఇంట్లో థాంక్స్ అక్కర్లేదన్నాను గానీ, ఎన్నడూ చెప్పని పెద్ద మేళ్ళు కొన్ని ఉంటాయి. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ 2018లో ఉత్తరాలు రాసినవాళ్ళ అంచనాల్ని, అందుకున్నవాళ్ళ మాటల్ని పక్కపక్కన పెట్టి చూశారు. రాసేవాళ్ళు ‘వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమో, నా భాష బాగోదేమో’ అని ఎక్కువ భయపడ్డారు. అందుకున్నవాళ్ళకి అంత ఇబ్బందేమీ కలగలేదు, అనుకున్నదానికంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు, ఎక్కువ సంతోషించారు.

అది చదివి ధైర్యం తెచ్చుకుని మా ఊళ్ళో లెక్కల మాస్టారికి ఫోన్ చేశాను. పదో తరగతిలో ఆరు నెలలు సాయంత్రాలు తన అరుగు మీద కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా చెప్పారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి.

‘ఏరా, అమ్మాయి పెళ్ళా?’ అన్నారు.

‘కాదండీ, ఊరికే చేశాను.’

‘ఊరికే ఎవడు చేస్తాడ్రా ఫోను. ఏమైనా సర్టిఫికెట్టు కావాలా?’

నసుగుతూ, నీళ్ళు నములుతూ చెప్పాను. ఆ ఆరు నెలలు లేకపోతే నేను ఇంజనీరింగు దాకా వచ్చేవాణ్ణి కాదని. అవతల కాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందనుకున్నాను. తర్వాత, ‘నీకు త్రికోణమితి ఎప్పుడూ రాలేదురా’ అన్నారు. మర్నాడు వాళ్ళ కోడలు ఫోన్ చేసి, మామయ్యగారు రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నారండీ, ఏం చెప్పారేంటి అని అడిగింది.

ఇంత చెప్పాక దీని కొలత కూడా చెప్పాలి. ఇది దీపమే తప్ప పొయ్యి కాదు. కృతజ్ఞత అభ్యాసాల మీద జరిగిన 27 అధ్యయనాల్ని, అందులో పాల్గొన్న 3,675 మంది ఫలితాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, డిప్రెషన్, ఆందోళన లక్షణాలు తగ్గాయి గానీ తగ్గింది కొద్దిగానే అని తేలింది. వాటికి చికిత్సగా దీన్ని నమ్ముకోవద్దనే ఆ పరిశోధకులూ చెప్పారు. 21 రోజుల్లో మెదడు మారిపోతుందనీ, మందులు అక్కర్లేదనీ చెప్పే వీడియోల్ని పక్కన పెట్టండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఇష్టం లేకపోతే, బతకాలనిపించకపోతే పుస్తకం కాదు కావలసింది, డాక్టరు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకి ‘నీకేం తక్కువ, దేవుడు అన్నీ ఇచ్చాడు కదా’ అని చెప్పడం, రుణం తీగని తెచ్చి మెడకి చుట్టడమే.

మామూలు రోజులు మామూలుగా గడిచే మనలాంటివాళ్ళకి మాత్రం ఇది కొద్దిగా పనిచేస్తుంది. వారానికి పది నిమిషాలు, ఒక పెన్ను. ఆ ఖర్చుకి ఆ కొద్దిపాటి ఫలం నాకు గిట్టుబాటుగానే ఉంది.

పోయిన ఆదివారం పుస్తకంలో నీళ్ళ గురించి రాయబోయాను. ‘గురువారం పొద్దున ఐదున్నరకి కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి.’ ఎందుకు? ఆ రాత్రి పదింటికి, వేరే ఇంట్లో పని ముగించుకుని, అన్నం తినకుండా వచ్చి మోటారు బిగించిన మనిషి వల్ల. పేరు రాద్దామని చూస్తే తెలీదు. ఫోన్‌లో వెతికాను. ‘మోటారు’ అని ఉంది. కిందికి దిగి వాచ్‌మన్‌ని అడిగాను. అతను తన ఫోన్ తీసి, కళ్ళు చికిలించి, పైకీ కిందికీ జరిపి చూశాడు. అతని దగ్గర ‘మోటారు 2’ అని ఉంది.